చేత్తో సోబా చేయడం ఎలా? నీళ్ళు పోసే దగ్గర నుంచి ఉడికించిన నీళ్ళు (సోబాయు) తాగేదాకా

"కత్తిరించేదాకా బాగానే ఉందండీ. మరిగే నీళ్ళలో వేయగానే ముక్కలు ముక్కలైపోయింది." ఇంట్లో సోబా, అంటే జపాన్ వాళ్ళ బక్‌వీట్ నూడుల్స్, ప్రయత్నించినవాళ్ళ నుంచి నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. దాని వెనకే ఇంకో మూడు వస్తాయి: కుట్టు పిండితో (ఇండియాలో దొరికే బక్‌వీట్ పిండి) అవుతుందా, గోధుమపిండి కలపాలా, మన అప్పడాల కర్ర సరిపోతుందా అని. విడివిడిగా జవాబులు రాసే బదులు మొత్తం పద్ధతి ఒకేచోట పెడుతున్నాను.

నేను జపాన్‌లో మా వీధిలోని ఒక పెద్దావిడ దగ్గర నేర్చుకున్నాను. మొదటి రోజు ఆవిడ చెప్పిన సామెత ఇది: కిబాచి మూడేళ్ళు, నోషి మూడు నెలలు, హోచో మూడు రోజులు. కిబాచి అంటే పిండి కలిపే చెక్క గిన్నె, నోషి అంటే ఒత్తడం, హోచో అంటే కత్తి. కత్తిరించడం మూడు రోజుల్లో వస్తుంది, ఒత్తడం మూడు నెలల్లో వస్తుంది, పిండి కలపడం రావడానికి మాత్రం మూడేళ్ళు కావాలని. కొత్తవాళ్ళు దీనికి తలకిందులుగా టెన్షన్ పడతారు. కత్తి గురించి, కర్ర గురించి పది ప్రశ్నలు అడుగుతారు, నీళ్ళు మాత్రం గబగబా పోసేస్తారు. కుండలో ముక్కలయ్యే సోబా చాలావరకు నీళ్ళు పోసిన మొదటి ఐదు నిమిషాల్లోనే పాడై ఉంటుంది. అందుకే ఈ వ్యాసంలో ఆ భాగమే పొడుగ్గా ఉంటుంది.

ముందు రెండు హెచ్చరికలు

సోబా పిండి అంటే బక్‌వీట్ పిండి. కొంతమందికి ఇది తీవ్రమైన అలర్జీ ఇస్తుంది, ప్రాణం మీదికి కూడా రావచ్చు. జపాన్‌లో ప్యాకెట్ మీద తప్పనిసరిగా రాయాల్సిన అలర్జీ పదార్థాల్లో ఇదొకటి. ఇంట్లో ఎవరూ ఎప్పుడూ తినకపోతే మొదటిసారి కొంచెమే పెట్టండి. అలర్జీ ఉన్నవాళ్ళ దగ్గర పిండి జల్లించకండి, ఉడికిన నీళ్ళు కూడా వాళ్ళకి ఇవ్వకండి.

రెండోది: పేరులో వీట్ ఉన్నా బక్‌వీట్ గోధుమ కాదు. మన చుక్కకూర కుటుంబానికి చెందిన మొక్క గింజ. దాంట్లో గ్లూటెన్ ఉండదు. కానీ కింద చెప్పే పద్ధతిలో మైదా కలుస్తుంది. గోధుమ పడనివాళ్ళు చివర్లో చెప్పిన జంతికల గొట్టం పద్ధతికి వెళ్ళండి.

కావలసినవి (ముగ్గురికి)

- సోబా పిండి 240 గ్రాములు
- మైదా 60 గ్రాములు
- నీళ్ళు 150 గ్రాములు (అన్నీ పట్టకపోవచ్చు)
- పైన చల్లుకోవడానికి పొడిపిండి 60-70 గ్రాములు
- గ్రాముల్లో తూచే కిచెన్ స్కేల్
- వెడల్పాటి బేసిన్, అడుగు కనీసం 30 సెంటీమీటర్లు
- సన్నటి జల్లెడ
- 60 సెంటీమీటర్లకు తగ్గని, మొదలు నుంచి చివరిదాకా ఒకే లావున్న గుండ్రటి కర్ర
- కనీసం 60 సెంటీమీటర్ల చదరపు పలక, లేదా శుభ్రంగా తుడిచి ఆరబెట్టిన వంటింటి గట్టు
- అంచు తిన్నగా ఉన్న బరువైన కత్తి
- పెద్ద గిన్నె, చిల్లుల గిన్నె, ఐసు ముక్కలు

ఎనిమిది వంతులు సోబా పిండి, రెండు వంతులు గోధుమపిండి. దీన్ని జపాన్‌లో ని-హాచి అంటారు, అంటే 'రెండు-ఎనిమిది'. నూటికి నూరు పాళ్ళు సోబా పిండితో చేసేది జువారి. చాలామంది మొదటిసారే జువారి చేద్దామనుకుంటారు, దయచేసి వద్దు. ని-హాచి తక్కువరకం ఏమీ కాదు, పేరున్న సోబా దుకాణాలు ఎన్నో దీన్నే పెడతాయి. గొంతులోకి జారే తీరు నాకైతే ఇందులోనే ఎక్కువ నచ్చుతుంది.

స్కేలు లేకుండా మొదలుపెట్టకండి. ఇక్కడ 10 గ్రాముల నీళ్ళ తేడా అంటే, ముద్ద అవుతుందా అంటుకుపోతుందా అన్నంత తేడా.

పిండి ఎక్కడ, ఎలాంటిది

జపాన్‌లో ఉన్నవాళ్ళు చేతితో చేసే సోబాకే అమ్మే సన్నటి పిండి అడిగి కొనండి. అమెరికాలో సూపర్‌మార్కెట్లలో పాన్‌కేకుల కోసం అమ్మే బక్‌వీట్ పిండి చాలాసార్లు గరుకుగా, నల్లటి పొట్టు మచ్చలతో ఉంటుంది. దాంతో పోగులు తెగుతాయి. జపనీస్ కిరాణా కొట్లో దొరికేది తీసుకోండి.

హైదరాబాదు, విజయవాడ వాళ్ళకి దొరికేది కుట్టు పిండి. ఉత్తరాదివాళ్ళు నవరాత్రి ఉపవాసాలకి వాడతారు కాబట్టి ఆ రోజుల్లో తాజాగా దొరుకుతుంది, మిగతా రోజుల్లో పాత సరుకు అంటగట్టే ప్రమాదం ఉంది. ఈ పిండిలో నూనె అంశం ఉంటుంది, నిలవుంటే కనురు వాసన వస్తుంది. పాడైన కుట్టు పిండి తిని జనం ఆసుపత్రి పాలైన వార్తలు నవరాత్రుల్లో ఉత్తరాది నుంచి వస్తూనే ఉంటాయి. తేదీ చూసి, సీలు ఉన్న ప్యాకెట్టే కొనండి, విడిగా తూచి ఇచ్చేది వద్దు. ప్యాకెట్ తెరవగానే వాసన చూడండి. పచ్చిగా, గింజ వాసన రావాలి. పాత నూనె వాసన వస్తే పారేయండి. వేయించిన గింజ పిండి కూడా పనికిరాదు, దానికి పట్టు ఉండదు. ఇంటికి తెచ్చాక గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టి నెలలోపు వాడేయండి.

కుట్టు పిండితో మొదటిసారి చేసేవాళ్ళు 180 గ్రాముల కుట్టు, 120 గ్రాముల మైదాతో మొదలుపెట్టండి. చేయి కుదిరాక మైదా తగ్గించుకుంటూ పోవచ్చు. మైదా బదులు చపాతీ పిండి వాడొచ్చా అని అడుగుతారు. వాడొచ్చు గానీ అందులోని పొట్టు వల్ల పట్టు తగ్గుతుంది. మైదాయే మేలు.

చపాతీ అలవాటు పక్కన పెట్టండి

మనకి చేతిలో ఉన్న విద్య చపాతీ పిండి కలపడం. ఒకేసారి నీళ్ళు పోసి, పిసికి, మెత్తగా చేసి, అరగంట నాననిస్తాం. సోబాకి ఈ మూడూ చేటే. గోధుమపిండి తప్పు చేసినా సర్దుకుంటుంది, ఎక్కువ పిసికితే ఇంకా సాగుతుంది. సోబా పిండికి సాగే గుణం లేదు. ప్రతి రేణువుకీ విడిగా తడి అందితేనే అవి ఒకదానికొకటి అంటుకుంటాయి. ఒకచోట ముద్దకట్టి ఇంకోచోట పొడిగా మిగిలితే, ఆ పొడి ఉన్నచోటే తర్వాత తెగుతుంది.

జొన్న రొట్టె చేయడం వచ్చినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. అక్కడా జిగురు లేని పిండే, అక్కడా అంచులు బీటలు వారతాయి, అక్కడా తడే అన్నీ నిర్ణయిస్తుంది. మా అమ్మ జపాన్ వచ్చినప్పుడు మొదటిసారే నాకంటే బాగా ముద్ద చేసింది. ఆవిడ చేతికి జొన్నపిండి అలవాటు.

పద్ధతి

1. అన్నీ సిద్ధం చేసుకోండి. నీళ్ళు పోశాక ఆగకూడదు. కొత్తవాళ్ళకి నీళ్ళు పోయడం నుంచి కత్తిరించడం దాకా 40 నిమిషాలు పడుతుంది. ఫ్యాన్, ఏసీ ఆపేయండి, గాలికి ముద్ద పైన పొర ఆరిపోతుంది. ఉంగరాలు తీసేయండి.

2. పిండి జల్లించండి. రెండు పిండ్లూ కలిపి బేసిన్‌లోకి జల్లించి, పొడిగా ఉన్నప్పుడే వేళ్ళతో నిమిషంపాటు బాగా కలపండి. మైదా ఒకచోట పోగుపడితే ఆ భాగం వేరుగా సాగుతుంది.

3. నీళ్ళు పట్టించడం. దీన్ని మిజుమవాషి అంటారు. అసలు పని ఇదే.

150 గ్రాముల నీళ్ళు ఒక గ్లాసులో తూచి పెట్టుకోండి. చన్నీళ్ళే. ఉప్పు వేయకూడదు.

మొదటి విడత: సగం నీళ్ళు, అంటే 75 గ్రాములు, పిండి మీద చుట్టూ తిప్పుతూ పోయండి. ఒకేచోట గుమ్మరించొద్దు. రెండు చేతుల వేళ్ళూ విడదీసి, గోళ్ళు కిందికి ఉండేలా వంచి, బేసిన్ అడుగు తాకిస్తూ గుండ్రంగా తిప్పండి. పిండిని పట్టుకోవద్దు, నొక్కొద్దు, పిసకొద్దు. అరచేతికి పిండి అంటకూడదు. వేళ్ళు దువ్వెన పళ్ళలా పిండిలోంచి వెళ్ళాలి, అంతే. మొదట అక్కడక్కడా తడి గడ్డలు కనిపిస్తాయి. కంగారుపడి వాటిని వేళ్ళతో చిదమకండి, తిప్పుతూ ఉంటే అవే విడిపోతాయి. రెండు నిమిషాలకి పిండి మొత్తం తడి ఇసుకలా, బొంబాయి రవ్వలా అవుతుంది. ఎక్కడా తెల్లటి పొడి కనిపించకూడదు. బేసిన్ అంచులకి అంటుకున్నది కూడా గీరి మధ్యలోకి తోయండి.

రెండో విడత: ఇంకో 45 గ్రాములు, అలాగే చుట్టూ. మళ్ళీ వేళ్ళు తిప్పండి. ఇప్పుడు రవ్వ కాస్తా పెసలంత, తర్వాత శనగగింజలంత ఉండలుగా మారుతుంది. ఉండలు ఒకే సైజులో ఉంటే నీళ్ళు సమంగా పట్టినట్టు. కొన్ని పెద్దవి, కొన్ని ఇంకా రవ్వగానే ఉంటే మీ వేళ్ళు బేసిన్ అంతా తిరగడం లేదని అర్థం. ఇంకో నిమిషం తిప్పండి, నీళ్ళు మాత్రం పోయకండి.

మూడో విడత: మిగిలిన 30 గ్రాముల్లోంచి ముందు ఒక స్పూను చల్లండి. తిప్పండి. చూడండి. తర్వాత వేళ్ళు నీళ్ళలో ముంచి చిలకరించండి. ఇక్కడ తొందరపడొద్దు. నాలుగు చుక్కలతో ముద్ద స్వభావమే మారిపోయే దశ ఇది. ఉండలు ఉసిరికాయంత అవుతాయి, రంగు ఒక్కసారిగా ముదురుతుంది, పైన తడి మెరుపు వస్తుంది. అదే సమయానికి వాసన లేస్తుంది. మా పెద్దావిడ ఈ దశలో మాట్లాడేది కాదు, ముఖం బేసిన్ మీదికి వంచి వాసన చూసేది. అప్పటిదాకా పిండి వాసనే వస్తుంది, ఒక్కసారిగా పచ్చి గింజ నలిపినట్టు పచ్చదనం వస్తుంది. దాన్ని ఒకసారి పట్టుకుంటే మళ్ళీ మరిచిపోరు.

సరిపోయిందా అని చూసేదెలా? ఒక ఉండ తీసి రెండు వేళ్ళ మధ్య నొక్కండి. చెవి తమ్మె అంత మెత్తగా ఉండి, అంచులు పగలకపోతే చాలు. అంచు చిట్లితే ఇంకొన్ని చుక్కలు. వేలికి అంటుకుంటే నీళ్ళు ఎక్కువయ్యాయి.

గ్లాసులో నీళ్ళు మిగిలితే మిగలనివ్వండి. వానాకాలంలో 135 గ్రాములకే సరిపోవచ్చు, చలికాలంలో 150 దాటొచ్చు. తాజా పిండికి తక్కువ, ఎండిపోయిన పాత పిండికి ఎక్కువ పడతాయి.

4. ముద్ద చేసి మర్దించండి. ఇప్పుడు ఉండలన్నీ దగ్గరికి లాగి ఒక ముద్ద చేయండి. అరచేతి మడమతో ముందుకి నొక్కి, వెనక్కి మడిచి, కొంచెం తిప్పి మళ్ళీ నొక్కండి. 80 నుంచి 100 సార్లు. మొదట గరుకుగా ఉన్న ముద్ద మెల్లగా నునుపవుతుంది. పాలిపోయినట్టుండే మైదా ముద్దలా కాకుండా, తడిపిన రాయిలా మెరుపు వస్తే ఆపేయండి. అంతకు మించి పిసికితే చేతి వేడికి ఆరిపోతుంది.

5. గాలి తీయండి. ముద్ద అంచుని కొంచెం కొంచెంగా మధ్యకి నొక్కుతూ తిప్పుకుంటూ వెళ్ళండి. మడతలు చామంతి రేకుల్లా వస్తాయి, అందుకే దీని పేరు కికునెరి, అంటే చామంతి మర్దన. తర్వాత ఆ మడతల కొసను రెండు చేతుల మధ్య పెట్టి దొర్లించి, కోన్ ఆకారం తెండి. మడతలన్నీ మొనలో కలిసి మూసుకుపోతాయి. మొనను కిందికి నొక్కి బిళ్ళలా చేయండి. లోపల గాలి మిగిలితే ఒత్తేటప్పుడు అక్కడ చిల్లు పడుతుంది. ఈ మొన పని మొదటి రెండుమూడుసార్లు చక్కగా రాదు. పైన పగుళ్ళు లేకుండా ఉంటే చాలు, ఆకారం గురించి బెంగ వద్దు.

వెంటనే ప్లాస్టిక్ కవరులో పెట్టండి. ఇది నాననివ్వడానికి కాదు, మీరు గట్టు తుడుచుకునేలోపు ఆరకుండా ఉండడానికి. ఐదు నిమిషాలు దాటకూడదు.

6. ఒత్తండి. గట్టు మీద పొడిపిండి చల్లండి. దీనికి జపాన్‌లో ఉచికో అని సోబా గింజ లోపలి తెల్లటి పిండి విడిగా అమ్ముతారు. దొరక్కపోతే అదే సోబా పిండి, లేదా కార్న్‌ఫ్లోర్ వాడండి. మైదా మాత్రం వద్దు, పోగుల మీద బంకలా పట్టేస్తుంది.

బిళ్ళను ముందు అరచేత్తో తట్టి, తిప్పుతూ, వేలు మందం దాకా పలచన చేయండి. తర్వాత కర్రతో మధ్య నుంచి బయటికి ఒత్తుతూ 30 సెంటీమీటర్ల గుండ్రం తెండి. అప్పటికి మందం 5 మిల్లీమీటర్లు ఉంటుంది. కర్రను అంచు దాటించి కిందికి దింపొద్దు, అంచు పలచనై చిరుగుతుంది.

ఇప్పుడు గుండ్రాన్ని చతురస్రం చేయాలి. గుండ్రంగా ఉంచి కత్తిరిస్తే సగం పోగులు పొట్టివే వస్తాయి. పైన పొడిపిండి చల్లి, షీటు మొత్తాన్ని కర్రకి చుట్టండి. రెండు అరచేతులతో అదుముతూ ముందుకీ వెనక్కీ ఐదారుసార్లు దొర్లించండి. విప్పి, అటుది ఇటు తిప్పి, మళ్ళీ చుట్టి దొర్లించండి. విప్పితే అటొక మూల, ఇటొక మూల పొడుచుకొచ్చి కనిపిస్తాయి. షీటుని పావు వంతు తిప్పి, మిగతా రెండు మూలలకీ అదే చేయండి. దీని పేరు యొత్సుదాషి, నాలుగు మూలలు తీయడం. చదవడానికి కష్టంగా ఉన్నా, ఒకసారి చేతితో చేస్తే పట్టుబడుతుంది.

ఇక మందం ఉన్నచోట మాత్రమే ఒత్తుతూ 50 సెంటీమీటర్ల చదరం, 1.5 మిల్లీమీటర్ల మందం వచ్చేదాకా పలచన చేయండి. జపాన్‌లో ఉన్నవాళ్ళు పది యెన్ల నాణెం పక్కన పెట్టి చూసుకోవచ్చు, దాని మందం అంతే. కళ్ళు మూసుకుని అరచేయి షీటు మీద మెల్లగా నడపండి. కంటికి అందని ఎత్తుపల్లాలు చేతికి తెలుస్తాయి.

అప్పడాల కర్ర సంగతి: అది పొట్టిది, చాలా ఇళ్ళలో మధ్యలో లావుగా ఉంటుంది. దాంతో షీటు మధ్యలో పలచన, అంచుల్లో మందం అవుతుంది. వడ్రంగి దగ్గర తిన్నటి గుండ్రటి కర్ర నునుపు చేయించుకోండి. అప్పటిదాకా ముద్దని రెండు భాగాలు చేసి, ఒకటి కవరులో ఉంచి, ఒక్కోటి 35 సెంటీమీటర్ల చదరంగా ఒత్తుకోండి.

7. మడవండి. షీటు సగానికి పొడిపిండి ధారాళంగా చల్లి, కుడి సగాన్ని ఎడమ సగం మీదికి తెండి. మళ్ళీ చల్లి అదే దిక్కులో ఇంకోసారి మడవండి. మళ్ళీ చల్లి, కింది అంచుని పై అంచు మీదికి తెండి. మొత్తం 8 పొరలు. పిండి దగ్గర పొదుపు చేయొద్దు, ఎక్కువైనది దులిపితే పోతుంది. తక్కువైతే పొరలు అంటుకుని మొత్తం పాడవుతుంది.

ఇక్కడే మందం ఇంకోసారి సరిచూసుకోవచ్చు. 8 పొరల దొంతర ఎత్తు స్కేలుతో కొలవండి. 12 మిల్లీమీటర్లు ఉంటే మీరు సరిగ్గా ఒత్తినట్టు. 16 వచ్చిందంటే పోగులు లావుగా వస్తాయి, ఉడికే టైము పెంచుకోండి.

8. కత్తిరించండి. మీ ముందు దొంతర నిలువుగా ఉంచి, కుడి అంచు నుంచి కత్తిరించుకుంటూ ఎడమకి వెళ్ళాలి. ఎడమచేతివాటం వాళ్ళు దీనికి తిరగేసి. జపాన్‌లో కొమాఇతా అనే చిన్న పలకని దొంతర మీద ఆనించి, దాని అంచు వెంట కత్తి దించుతారు. కత్తి తెగ్గొట్టాక కొంచెం పక్కకి వంచితే పలక ఒక పోగు వెడల్పు జరుగుతుంది. దాని బదులు అంచు నునుపుగా ఉన్న చిన్న చెక్కముక్క సరిపోతుంది.

కత్తిని రంపంలా కోయొద్దు. ముందుకి తోస్తూ ఒకే ఊపులో కిందికి దించండి. పాటకి తాళం వేసినట్టు ఒకే లయలో వెళితే వెడల్పు దానంతటదే సమానంగా వస్తుంది. ప్రతి పోగునీ చూసి చూసి కోస్తే వంకరలు పోతుంది. దుకాణం స్థాయి కావాలంటే, జపాన్‌లో ఎదో కాలం (1603-1868) నుంచి వస్తున్న లెక్క 3 సెంటీమీటర్లకి 23 పోగులు, అంటే ఒక్కోటి సుమారు 1.3 మిల్లీమీటర్లు. మీరు 2 మిల్లీమీటర్లకి కోసినా ఫరవాలేదు. అన్నీ ఒకేలా ఉండాలి, లేకపోతే సన్నవి కరిగేలోపు లావువి పచ్చిగా ఉంటాయి.

20-30 పోగులయ్యాక ఆపి, వాటిని చేతిలోకి తీసుకుని, పొడిపిండి దులిపి, ట్రేలో పరవండి. పైన గుడ్డ కప్పండి.

9. ఉడికించండి. ఈ పని మొదలుపెట్టేముందే పెద్ద గిన్నెలో 3 లీటర్ల నీళ్ళు తెర్లుతూ ఉండాలి. ఉప్పు, నూనె వద్దు. మూడు భాగాలుగా వేయండి, ఒకసారికి ఒకరి వంతు, దాదాపు 150 గ్రాములు. మొత్తం ఒకేసారి వేస్తే నీళ్ళు చల్లబడి పోగులు జావ అవుతాయి.

విదిలిస్తూ వేయండి. మొదటి 15 సెకన్లు గరిటె పెట్టొద్దు. ఈ దశలో పోగులు చాలా సున్నితంగా ఉంటాయి, కదిలిస్తే తెగుతాయి. అవే పైకి తేలి నీళ్ళతోపాటు తిరుగుతాయి. పొంగొస్తే మంట కొంచెం తగ్గించండి, చన్నీళ్ళు పోయకండి. నీళ్ళు మళ్ళీ తెర్లడం మొదలయ్యాక నిమిషం. ఒక పోగు తీసి చన్నీళ్ళలో ముంచి కొరికి చూడండి. మధ్యలో తెల్లటి గీత పోయి, పళ్ళకి కొంచెం ఆనుతుంటే దించేయండి. నూడుల్స్ అనగానే ఐదు నిమిషాలు ఉడికించే అలవాటు ఇక్కడ పనికిరాదు.

10. కడగండి. వెంటనే చిల్లుల గిన్నెలోకి తీసి ధారగా చన్నీళ్ళు పోస్తూ, రెండు చేతులతో మెల్లగా రుద్ది జిగురు పోగొట్టండి. తర్వాత ఐసు నీళ్ళలో అరనిమిషం. నీళ్ళు పూర్తిగా వడకట్టి వెంటనే తినండి. వేడి పులుసులో తినాలన్నా ముందు కడగాల్సిందే, కడిగాక వేడినీళ్ళలో ఒకసారి ముంచి తీయండి.

పక్కన త్సుయు (ముంచుకునే పులుసు)

దీన్ని ముందురోజే చేసిపెట్టుకోండి. 500 మిల్లీలీటర్ల నీళ్ళలో ఒక కొంబు (ఎండబెట్టిన సముద్రపు నాచు) ముక్క, నాలుగు ఎండు షిటాకే పుట్టగొడుగులు వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే శాకాహార దాషి, అంటే రుచి దిగిన చారు, వస్తుంది. చేప తినేవాళ్ళు కొంబుతో కాచిన నీళ్ళలో కత్సువోబుషి, అంటే ఎండబెట్టి తరిగిన చేప రేకులు, వేసి వడకట్టుకోవచ్చు. 50 మిల్లీలీటర్ల మిరిన్‌ని (వంటలో వాడే తియ్యటి బియ్యపు సారా) ఒక పొంగు రానిచ్చి, 50 మిల్లీలీటర్ల జపనీస్ సోయా సాస్, 200 మిల్లీలీటర్ల దాషి కలిపి ఇంకోసారి వేడిచేసి చల్లార్చండి. మిరిన్ దొరక్కపోతే రెండు స్పూన్ల పంచదార, కాసిని నీళ్ళు. నూడుల్స్ బండి దగ్గర వాడే నల్లటి చిక్కటి సోయా సాస్ దీనికి పనికిరాదు.

పోగుల్ని త్సుయులో పూర్తిగా ముంచకండి. కొస మాత్రం ముంచి పీల్చండి. మొత్తం మునిగితే మీరు పడ్డ కష్టం తాలూకు వాసన సోయా కింద పోతుంది. సన్నగా తరిగిన ఉల్లికాడలు, వసాబి చాలు.

ఎక్కడ తప్పు జరిగింది?

కుండలో పొట్టి ముక్కలయ్యాయి: నీళ్ళు సమంగా పట్టలేదు, లేదా తక్కువయ్యాయి. మూడో మెట్టులో ఎక్కువసేపు గడపండి. పిండి పాతదైనా ఇదే జరుగుతుంది. నా మొదటి నాలుగు ప్రయత్నాలూ ఇలాగే పోయాయి. ఐదోసారి అదే పిండి, అదే కొలత, నీళ్ళు మాత్రం మూడు విడతలుగా పోశాను. పోగులు నిలబడ్డాయి.

ఒత్తేటప్పుడు అంచులు బీటలు వారుతున్నాయి: చిన్నవైతే వదిలేయండి. వేలంత లోపలికి చీలితే ముద్ద పొడిబారింది. ఒత్తడం మొదలుపెట్టాక నీళ్ళు చల్లితే కుదరదు. ముద్ద దశలోనే గమనిస్తే చేతులు తడుపుకుని మళ్ళీ మర్దించొచ్చు.

ముద్ద చేతికి అంటుకుంటోంది: నీళ్ళు ఎక్కువ. పొడి సోబా పిండి కలిపి సరిచేద్దామనుకుంటాం, ఆ కొత్త పిండికి తడి అందదు, అక్కడే తెగుతుంది. అలాగే ఉంచి, పొడిపిండి ఎక్కువ చల్లుకుంటూ కొంచెం మందంగా ఒత్తి, వెడల్పుగా కోసుకోండి.

పోగులు ఒకదానికొకటి అతుక్కున్నాయి: మడతల్లో పొడిపిండి చాలలేదు, లేదా కోశాక ఎక్కువసేపు ఉంచారు.

తింటే పిండి పిండిగా ఉంది: సరిగ్గా కడగలేదు.

మొత్తం చెడిపోయిందనిపిస్తే పారేయకండి. ముద్దని చిన్న చిన్న బిళ్ళలుగా గిల్లి కూరగాయల పులుసులో ఉడికించుకోండి. మిగిలిన పొడి సోబా పిండిని వేణ్ణీళ్ళలో వేసి పొయ్యి మీద గట్టిగా కెలికితే సోబాగాకి అవుతుంది. మన సంకటికి దగ్గరి చుట్టం అది. సోబాని పోగులుగా కోసి తిన్నట్టు చెప్పే పాత ఆధారం నాగానో ప్రాంతంలోని జోషోజి అనే గుడి పత్రాల్లో, 1574 నాటిది ఉంది. అంతకుముందు ఈ పిండిని ఇలా ముద్దగానో జావగానో తినేవాళ్ళు.

గోధుమ అసలు వద్దనుకుంటే

జువారి రెండు రకాలుగా ప్రయత్నించవచ్చు. ఒకటి, మొదటి విడత నీళ్ళు మరిగేవి పోసి, గరిటెతో కలిపి, తర్వాతి విడతలు చన్నీళ్ళు పోయడం. వేడికి పిండిలోని గంజి గుణం బయటికొచ్చి జిగురుగా పనిచేస్తుంది, జొన్న రొట్టెకి వేణ్ణీళ్ళు పోసినట్టే. వాసన కొంత తగ్గుతుంది. నీగాతా వైపు ఫునోరి అనే సముద్రపు నాచుని జిగురుగా కలుపుతారు, హెగి సోబా అంటే అదే.

రెండోది నేను ఇండియాలో ఉన్నవాళ్ళకి గట్టిగా చెప్పేది: జంతికల గొట్టం. వేణ్ణీళ్ళతో కుట్టు పిండిని మెత్తటి ముద్ద చేసి, సన్న కారప్పూస బిళ్ళ వేసి, నేరుగా తెర్లే నీళ్ళలోకి ఒత్తండి. ఆవిరికి చేయి కాలకుండా గొట్టం ఎత్తుగా పట్టుకోండి. తేలాక అరనిమిషం ఉంచి తీసి, కడగండి. ఇది జపాన్ పద్ధతి కాదు. కానీ భూటాన్‌లోని బుమ్‌తాంగ్‌లో పుటా అనే బక్‌వీట్ నూడుల్స్‌ని చెక్క యంత్రంతో ఇలాగే ఒత్తుతారు, కొరియాలో మక్‌గుక్సు కూడా ఒత్తి చేసేదే. కత్తీ కర్రా అక్కర్లేదు, పోగులు తెగవు.

నిలవ

కోసిన సోబా ఆ రోజే రుచి. తప్పదంటే పొడిపిండి చల్లి, కాగితంలో చుట్టి, డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఒక్కరోజు ఉంచొచ్చు. ఫ్రీజర్‌లో పెడితే కరగనివ్వకుండా నేరుగా మరిగే నీళ్ళలో వేయండి. ఉడికించినది నిలవ ఉంచొద్దు. డిసెంబర్ 31 రాత్రి జపాన్ ఇళ్ళలో తోషికోషి సోబా తింటారు. ఆ రోజు చేయాలనుకునేవాళ్ళు మధ్యాహ్నం కోసిపెట్టి, రాత్రి ఉడికించుకుంటే సరిపోతుంది.

ఉడికించిన నీళ్ళు పారబోయకండి. అదే సోబాయు. మూడు విడతలూ ఉడికాక ఆ నీళ్ళు పలచటి గంజిలా తెల్లగా ఉంటాయి. తినడం అయ్యాక గిన్నెలో మిగిలిన త్సుయులోకి ఆ వేడి నీళ్ళు కొంచెం కొంచెంగా పోసుకుని, ఉప్పదనం మీకు నచ్చినంత తగ్గాక తాగండి.